చావింటికి ♪ మంజూరు

మనిషి సంతోషంగా ఉన్నాడో లేడో తేల్చే అధికారం ఇకపై మనిషికి లేదు. అది సెల్‌ఫోను కంపెనీ వారి సంగీత చిహ్నాల విభాగానికి దఖలుపడింది.

నా భార్య దేముడమ్మ చనిపోయిన వారంలోనే నా ఫోనుకు ♪ గుర్తుతో ఒక మెసేజి వచ్చింది. తెరిచాను. తెరిస్తే అంగీకారమట. (తెరవకపోతే మౌనం. మౌనం అర్ధాంగీకారం. మిగతా సగం కంపెనీ వారే పూరిస్తారు.) ఆనాటి నుంచి నాకు ఎవరు ఫోను చేసినా, నేను ఎత్తేదాకా వాళ్లకు డప్పులతో ఒక డాన్సు పాట వినిపించేది. నాకు వినిపించేది కాదు. ఎవరి ఆనందం వారికి వినపడరాదని నియమం.

మా అనకాపల్లిలో పలకరింపుకు ఫోను చేసినవాళ్లంతా విని ఊరుకున్నారు. ఊరుకోనివాడు చీడికాడలో ఉన్న మా బావమరిది కన్నబాబు.

"ఏటి బావా, మా అప్ప పెద్దకార్యం ఇంకా అవనేదు. డాన్సు పాటెట్టుకున్నావా?"

"నేనెట్టనేదు. కంపెనీవోడెట్టేడు."

"మా అప్పకి తాళీ కంపెనీవోడే కట్టేడేటి? నేన్రాను. బట్టలు ఆడి సేతే ఎట్టించుకో!"

పెద్దకార్యం నాడు అత్తవారి వైపు నుంచి ఒకరు వచ్చి మగడికి కొత్త బట్టలు పెట్టాలి. దేముడమ్మకు ఉన్నది ఆ ఒక్క తమ్ముడే. వాడు రాకపోతే ఆమె కార్యం పూర్తికాదు. కంపెనీకి ఫోను చేశాను. చాలాసేపు వాళ్ల పాట విన్నాక ఇందు అనే అధికారిణి పలికింది.

"పాట తీసెయ్ తల్లీ. మా ఇంటిది సచ్చిపోయింది."

"అయ్యో, సారీ సర్. రద్దుకు రెండే కారణాలున్నాయండి. పాట నచ్చలేదు, వేరే పాట కావాలి. మీది ఏది సర్?"

"దుక్కానికి గుర్తేటీ నేదా?"

"♪ అంటే ఆనందం సర్. ♫ అంటే దంపతుల ఆనందం, దానికి చార్జి కొంచెం ఎక్కువ. గంట మీద గీత ఉంటే నిద్ర. దుఃఖానికి ఇంకా రాలేదండి."

(దుఃఖితులు రీచార్జి తక్కువ చేయిస్తారని సర్వేలో తేలిందట.)

నచ్చలేదని రాసుకోమన్నాను. వినకుండా నచ్చలేదనడం కుదరదంది. పై ఆమోదానికి పంపింది.

ఈలోగా కన్నబాబు నన్ను మరోసారి తిట్టడానికి చేశాడు. పాట అందుకుంది. దాని నోరు మూయించాలని చేతికందిన మీటలన్నీ నొక్కాడు. వాటిలో స్టార్ ఒకటి. (పాట మోగుతుండగా స్టార్ నొక్కినవాడికి అదే పాట తగులుకుంటుంది. మశూచి పోయింది గానీ పద్ధతి పోలేదు.) మర్నాడు వాళ్ల పెద్దమ్మ మరిడమ్మ వాడికి ఫోను చేసి, "అప్ప సితి ఆరనేదు, నీకు డాన్సులేట్రా సచ్చినోడా!" అని దులిపేసింది.

పెద్దకార్యం నాడు కన్నబాబు వచ్చాడు. తలెత్తకుండా బట్టలు పెట్టాడు.

"నాకూ ఎట్టేసేడు బావా, కంపెనీవోడు."

"తాళి కూడా కట్టేడేటి?" అన్నాను.

నలుగురిలో నవ్వకూడదు కనుక ఇద్దరం తలలు దించుకున్నాం.

తర్వాత ఆమోదం వచ్చింది. ♪ తీసేశారు. కార్యం అయిపోయింది గనక నాకిప్పుడు ఎవరూ ఫోను చేయరు. కంపెనీ వారు మాత్రం రోజూ చేసి, కొత్త పాట కావాలా అని అడుగుతారు. ఆలోచించుకుంటాను, రేపు చెయ్యమంటున్నాను.