ముప్పయ్యో తేదీలోగా పుట్టవలసిన బిడ్డ

ఎనభై ఏడు జులై ఒకటో తేదీ నుంచి ఈ దేశంలో ఊరికే పుడితే చాలదనీ, తల్లిదండ్రుల్లో ఒక్కరైనా భారత పౌరులై ఉండాలనీ ప్రభుత్వం వారు చట్టం చేసి, పుట్టబోయేవారికి తగినంత వ్యవధి కూడా ఇచ్చారు.

మద్రాసు జార్జిటౌనులో ఎండుమిరప టోకు వ్యాపారి, వర్తక సంఘం అధ్యక్షులు వరదయ్యగారు ఈ చట్టాన్ని హర్షిస్తూ సంఘం మేడ మీద ఉపన్యసించారు. "సత్రంలో ప్రసవించినంత మాత్రాన బిడ్డకు సత్రంలో వాటా వస్తుందా అని అడుగుతున్నాను!" రాదని సభ ఏకగ్రీవంగా తీర్మానించి బోండాలు తిన్నది.

ఇంటికొచ్చాక తెలిసింది, ఆ బిడ్డ తన పెరటి వాటాలోనే ఉందని. గుమాస్తా దామోదరం, అతని భార్య హైమ రంగూన్లో పుట్టిన తెలుగువాళ్ళు. చిన్నప్పుడు ఓడ దిగారు. వాళ్ళ పౌరసత్వం అర్జీ ఇంకా పరిశీలనలోనే ఉంది. హైమకు నెలలు నిండాయి.

"అయ్యా, ముప్పయ్యో తేదీ దాటి పుడితే నా బిడ్డ ఏ దేశానికీ కాకుండా పోతాది" అని దామోదరం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

వరదయ్యగారి మనసు వెన్న. ఉపన్యాసం దేశం కోసం చేసింది, దామోదరం మనవాడు. రెంటికీ ముడిపెట్టడం అవివేకం. "ఏడవబాకరా! ముప్పయ్యో తేదీలోపల పుడతాది. నేను చెప్తా ఉండాను గదా!" అని హామీ ఇచ్చేశారు. హైమను మాత్రం ఎవరూ అడగలేదు.

ముప్పయ్యో తేదీ రానే వచ్చింది. మంగళవారం, పైగా ఆషాఢం. వరదయ్యగారి భార్య వాసవాంబ హైమను దగ్గర కూర్చోబెట్టుకుని, "తొందరపడబాకమ్మా. శుక్రవారం పురుడొస్తే లక్ష్మీదేవే" అని హితవు చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి నొప్పులూ రాహుకాలమూ కలిసి మొదలయ్యాయి. వీధి చివర రిక్షా తొక్కే ఏళుమలై బండి తెచ్చి వాకిట్లో ఆపాడు. వాసవాంబ గడపకు అడ్డంగా నిలబడింది.

"నాలుగున్నర దాకా ఎవురూ గడప దాటేదానికి లేదు."

"ఈడనే పుట్టేస్తే తేదీ ఎవురు నమ్ముతారే? ఆస్పత్రిలో పుడితేనే రుజువని ప్లీడరు చెప్పుండాడు!" అన్నారు వరదయ్యగారు.

"ప్లీడరుకు రాహువు తెలుసునా?"

హైమ గోడ పట్టుకుని పెట్టిన కేకకు పక్క కొట్లో తక్కెడ ఆగింది. దామోదరం చేతులు జోడించాడు, ఎవరికో అతనికే తెలియదు. వరదయ్యగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. మాటిచ్చింది తను కదా! ఇటూ అటూ చూశారు. వాకిట్లో హైమ చెప్పులు కనిపించాయి.

"అవి పొద్దున్నించీ బయటనే ఉండాయి గదా! మంచి గడియలో మూట బయట పెడితే ప్రయాణం మొదలైనట్టే అని మీ నాయనే చెప్పేవాడు. చెప్పులు మాత్రం మూటకు తక్కువా? హైమ పొద్దున్నే బయల్దేరేసింది. ఇప్పుడు పోయేది మిగతా హైమ."

వాసవాంబ ఆలోచించింది. శాస్త్రం గట్టిదే. దారి ఇచ్చింది.

దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. దామోదరం నవ్వుతూ ఏడ్చాడు. వరదయ్యగారు ఆస్పత్రి వరండాలో మైసూరుపాకు పంచి, సత్రం సంగతి ఎత్తకుండా, "ఈ గడ్డ మీద పుట్టిన ప్రతి బిడ్డా భరతమాత బిడ్డే!" అని ప్రసంగించారు. ఏళుమలై కూడా చప్పట్లు కొట్టాడు.

నర్సు లూర్దుమేరి మైసూరుపాకు కొరుకుతూ, "పాపది ఏ ఊరు సార్?" అంది.

"బర్మావాళ్ళమ్మా" అన్నారు వరదయ్యగారు తడుముకోకుండా.

"మీరు?"

"మాది కావలి పక్కన."

కావలిని ఆయన చూడలేదు. ఆయన తాతా చూడలేదు. అయినా వరండాలో ఎవరికీ నవ్వు రాలేదు. చంటిపిల్లను చూడటానికి వచ్చినవాళ్ళంతా, "బర్మా పాప ముద్దుగా ఉంది" అంటూ బుగ్గలు పుణికి వెళ్ళారు. మీకూ నవ్వు రాలేదు కదా? సంతోషం. ఇంతకీ మీదే ఊరండీ? పుట్టిన ఊరు కాదు, అసలు ఊరు.