ఊడిరాని క్యాపు

పళ్ళ డాక్టర్ల కాలేజీలో పరిశోధన చేస్తున్న అల్లుడుగారికి ఆ ఉదయం ఒకే ఒక్క పని ఉంది. పాత సిమెంటు ట్యూబొకటి, తను కొత్తగా తయారుచేసిన సిమెంటు ట్యూబొకటి పట్టుకెళ్ళి ప్రొఫెసరు ఎదుట పరీక్ష చేయాలి. పీకేసిన పళ్ళను పైపెంకు కింద ఉండే డెంటిన్ పొర బయటపడేలా అరగదీసి, దాని మీద సిమెంటు అంటించి, ఎంత బలానికి ఊడుతుందో యంత్రంతో లాగి చూడాలి. పాతదాని కన్నా కొత్తది గట్టిగా పట్టుకుంటే పట్టా చేతికొస్తుంది. లేకపోతే మరో ఏడాది ఇదే అరగదీత.

పక్షపాతం రాకుండా ప్రొఫెసరే ట్యూబులకు తెల్లకాగితం చుట్టి, ఒకటి, రెండు అని అంకెలు వేశారు. ల్యాబులో ఫ్రిజ్ చెడిపోవడంతో అవి అల్లుడుగారింటి ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన చేరాయి.

ఆయన బయల్దేరబోతుండగా అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చారు.

"అల్లుడు గారూ, ముందు పన్ను క్యాపు ఊడిపోయిందండీ! ఇవాళ మా స్నేహితురాళ్ళమంతా ఫొటో దిగుతున్నాం. ఇంట్లో పళ్ళ డాక్టరుండగా నేను తొర్రిపన్నుతో దిగాలా?"

"సాయంత్రం చూద్దామండీ..."

"ఫొటో ఇంకో గంటలో!"

అత్తగారికి ఎదురు చెప్పడం ఆయన చదువులో లేదు. చేతికందిన ట్యూబు తీసి, అందులో ఉన్న కాస్తా పిండేసి, క్యాపు అంటించేశారు. తీరా చూస్తే ఫ్రిజ్ చెమ్మకు అంకెలు రెండూ చెరిగి, నీలం మరకలు మిగిలాయి. వాడింది ఏది, మిగిలింది ఏది? మిగిలిన ట్యూబు పట్టుకుని ఆయన కాలేజీకి పరుగెత్తారు.

సంగతి విని ప్రొఫెసరు తల పట్టుకున్నారు.

"పీకిన పళ్ళ మీద చెయ్యవయ్యా అంటే అత్తగారి పళ్ళ మీద చేస్తావా?"

మిగిలిన ట్యూబుతో పరీక్ష మొదలుపెట్టారు. సిమెంటు గట్టిపడేదాకా ఆగి యంత్రం వేస్తే, అది ఇలా లాగిందో లేదో అలా ఊడొచ్చింది.

"ఇది పాతదే! కొత్తది మీ అత్తగారి నోట్లో ఉంది," అన్నారు ప్రొఫెసరు.

"ఏమోనండీ, కొత్తదే నాసిరకమేమో?"

"అది తేలాలంటే ఆవిణ్ణి పిలిపించు!"

అత్తగారు ఫొటో కోసం కట్టుకున్న చీరలోనే కంగారుగా వచ్చారు. "నా పంటికేమైనా రోగమా? ఇద్దరు డాక్టర్లు ఎందుకు?"

"ఏం లేదమ్మా, కాస్త నోరు తెరవండి."

ప్రొఫెసరు పట్టకారుతో క్యాపు పట్టి లాగారు. క్యాపు రాలేదు, అత్తగారి తల వచ్చింది. ఇంకాస్త బలంగా లాగారు. ఈసారి కుర్చీ కూడా కదిలింది. ఆపమనాలో, ఇంకా లాగమనాలో అల్లుడుగారికి పాలుపోలేదు.

"అద్భుతం! ఇంత గట్టి సిమెంటు నా సర్వీసులో చూడలేదు. పట్టా నీదేనయ్యా!"

అల్లుడుగారి కళ్ళు చెమర్చాయి. అత్తగారు దవడ నిమురుకుంటూ నసిగారు.

"మరేం లేదు డాక్టరు గారూ... అల్లుడు గారు పెట్టింది నేను ఫొటోకి నవ్వగానే ఊడి ఒళ్ళో పడింది. ఆయన నొచ్చుకుంటారని చెప్పలేదు. చెప్పు తెగితే పనికొస్తుందని సంచిలో జిగురు ఉంచుకుంటాను. అదే రాసుకున్నా."

అల్లుడుగారు ప్రొఫెసరు వైపు తిరిగారు. "అయితే... కొత్త సిమెంటు ఏదండీ?"

"ఏదైతేనేం? రెండూ ఊడాయిగా!" అన్నారు ప్రొఫెసరు నీరసంగా.

మర్నాడు ఉదయం మళ్ళీ పళ్ళు అరగదీయడానికి వెళుతున్న అల్లుడుగారికి, వీధి మలుపులో చెప్పుల దుకాణం ముందు జిగురు బేరమాడుతూ ప్రొఫెసరు కనిపించారు. ఆయన కాళ్ళకున్న చెప్పులు రెండూ కొత్తవే.