భైరమ్మ తేనెకొట్టు యుద్ధం

ఒక పెద్ద అడవిలో అనగానే సింహం ఉంటుందనుకుంటారు. ఉంది. కానీ ఈ కథలో దానికి పనిలేదు. ఇది ఏటి రేవు దగ్గర తేనెనీళ్ళు అమ్ముకునే ఎలుగుబంటి భైరమ్మ కథ.

వేసవి మూడు నెలలూ బేరం సాగితేనే వానాకాలంలో ఆమె పిల్లలిద్దరికీ తిండి. అందుకే అవతలి గట్టున ఉడుత సీతాలు నేరేడురసం కొట్టు పెట్టిందని వినగానే భైరమ్మ గుండెల్లో రాయి పడింది.

అదే వారం పట్నం నుంచి కంచరగాడిద ఒకటి దిగింది. పేరు మేజర్ వీరభద్రం గారు. సైన్యంలో ఇరవై ఏళ్ళు చేసి రిటైరయ్యారట. ఇప్పుడు వ్యాపారులకి యుద్ధవ్యూహాలు నేర్పుతారట. భైరమ్మ కొట్టు చూసి ఆయన అదిరిపోయారు.

"ఇంత బాహాటంగా కూర్చున్నారేమిటమ్మా! శత్రువుకి మీ స్థావరం ఇట్టే కనబడిపోతోంది!"

"బేరాలకి కనబడాలి కదండీ?"

"ముందు శత్రువు సంగతి చూడండి. బేరాలు వాటంతటవే వస్తాయి."

అంత పెద్దాయన చెబితే కాదంటుందా పిచ్చితల్లి! కొట్టంతా తుప్పలతో కప్పేసింది. ముళ్ళపందిని కాపలా పెట్టింది. లోపలికి రావాలంటే సంకేతపదం చెప్పాల్సిందే.

మర్నాడు ఒక దుప్పి ఎలాగో వెతుక్కుంటూ వచ్చింది.

"సంకేతపదం?" అంది ముళ్ళపంది.

"దాహం!" అంది దుప్పి.

"అది కాదు. పో!"

వారం తిరిగేసరికి భైరమ్మ ఈగలు తోలుకుంటూ కూర్చుంది. తేనెనీళ్ళు కుండల్లోనే పులిసిపోయాయి. "మేజర్ గారూ, రేపు నా పిల్లలకి ఏం పెట్టను?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"భేష్! మన జాడ ఎవరికీ తెలియలేదన్నమాట," అన్నారాయన, లేని మీసం దువ్వుకుంటూ.

ఇంతలో బయట గొడవ. ముళ్ళపంది సీతాలును పట్టుకుని లాక్కొచ్చింది. "గూఢచారి! తుప్పల చుట్టూ మూడుసార్లు తిరిగింది!"

"గూఢచారా, నీ మొహమా!" అంది ఉడుత. "అక్కా, నా రసం మరీ వగరని అందరూ మొహం చిట్లిస్తున్నారు. వేసవంతా రోజుకి నాలుగు కుండల తేనె నీ దగ్గరే తీసుకుందామని ఎన్ని రోజులు వెతికానో! నీ కొట్టు కనబడితేగా? పొద్దున్నే కొండమీది ఎలుగుమామకి మాటిచ్చేశాను. నీకేమైందోనని బెంగపట్టి ఇటొచ్చాను."

భైరమ్మ మేజర్ వైపు తిరిగింది.

"అయ్యా, తమరు ఎన్ని యుద్ధాలు గెలిచారు?"

ఆయన నేలచూపులు చూశారు. "గెలుపోటములు నాకేం తెలుసమ్మా? నేను వంటశాలకి పప్పు మూటలు మోసేవాణ్ణి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అంటూ భైరమ్మ తేనెనీళ్ళు కొత్తగా కలిపి, రెండు కుండలు ఆయన వీపుకి కట్టింది.

ఆ సాయంత్రం మేజర్ గారు రేవంతా తిరుగుతూ "తేనెనీళ్ళమ్మా, తేనెనీళ్ళు!" అని గొంతు చించుకున్నారు. దుప్పి ఎదురొచ్చి ఆగింది.

"ముందు సంకేతపదం చెప్పు," అంది.

నీతి: యుద్ధానికి దిగేముందు శత్రువు ఒకడున్నాడో లేడో చూసుకోండి, లేకపోతే ఆ ముచ్చట బేరాల మీదే తీర్చుకోవాల్సి వస్తుంది.