అయ్యసామి కనిపెట్టిన చేప

కినత్తుకడవులో కొబ్బరితోటలున్న అయ్యసామికి ఆ ఉదయం అప్పగించిన పని చాలా చిన్నది. కోయంబత్తూరు వెళ్లి ఒక తిరుక్కై చేప తేవాలి. కాన్పయి పదకొండు రోజులైన కూతురు దర్శినికి పాలు చాలడం లేదు. మనుమడు ఇంటి కప్పు ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు. మధ్యాహ్నానికల్లా బాలింతకు తిరుక్కై కొళంబు, అదే పులుసు, పెడితే పాలు పడతాయని భార్య తంగం నమ్మకం.

"చాట మాదిరి ఉంటాది. పొడుగు తోక, తోకమింద ముల్లు. చూసి తీసుకురాండి," అంది తంగం.

కొబ్బరికాయను వేలితో తట్టి లోపలి నీళ్లెన్నో చెప్పేవాడికి చేప ఒక లెక్కా? మార్కెట్‌లో చేపలమ్మే యేసుదాస్ జానెడు వెడల్పు చేపను ముందుంచాడు.

"తిరుక్కై దాన్ అయ్యా."

"ముల్లు యాడప్పా? తోక మొండిగా ఉండాదే."

యేసుదాస్ నోరు తెరిచేలోగా అయ్యసామి ఫోను తెరిచాడు. తిరుక్కైకి తోకమీద విషపు ముల్లుంటుందట. దాని దాయాది స్కేటుకు ముల్లుండదట, తోక లావట. చిన్న జాతులైతే మరీ అరుదట. ఇంకేం కావాలి? సముద్రాన్ని జన్మలో రెండుసార్లు చూసిన మనిషి ఒక జాతిని కనిపెట్టేశాడు.

చేప వంటింటికి కాకుండా ఫ్రిజ్‌లోకి వెళ్లింది. తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాని చుట్టాల గ్రూపులో ఆయన ఫోటో పెట్టి, గొంతు రికార్డు చేసి పంపాడు. పదికల్లా రెండు కార్లు దిగాయి. ఒకరు స్కేలు పెట్టి కొలిచారు, ఒకరు ముక్కు కురచన్నారు, ఒకరు దానికి అయ్యసామి పేరే పెట్టాలన్నారు. ఆయన అర నిమిషంపాటు వద్దన్నాడు.

"చేప ఇస్తారా లేదా? బిడ్డ ఏడస్తుండాడు," అంది తంగం.

"తాకొద్దు. మేట్టుపాళయం చారులత వస్తుండాది. కాలేజీలో చేపల పాఠం చెప్పే పిల్ల. ఇది శాస్త్రం."

"శాస్త్రానికి పాలు వద్దు. బిడ్డకు కావాల."

పన్నెండింటికి చారులత వచ్చింది. చుట్టాలు హాల్లో కాఫీ తాగుతుండగా, వంటింట్లో చేపను తిప్పి చూసి గొంతు తగ్గించింది.

"మామా, ఇది మామూలు తిరుక్కై పిల్ల. ముల్లు గుచ్చుకుంటాదని పడవలోనే తోక నరికేస్తారు. ఇదో, కత్తిగాటు."

అయ్యసామి ముఖం మాడిపోయింది. తంగం చేపను లాక్కుని కత్తిపీట ముందు కూర్చుంది. ఒంటిగంటకు దర్శిని కడుపునిండా తింది. సాయంత్రానికి పాలు పడ్డాయి, మనుమడు నిద్రపోయాడు. తంగం అప్పటికిగాని నడుం వాల్చలేదు.

అప్పుడు అయ్యసామి మళ్లీ ఫోను తీశాడు. చారులత మేడమ్ చేపను చూసి నోట మాట రాక నిలబడిపోయిందనీ, కానీ బిడ్డ ఆకలి ముందు శాస్త్రం ఎంతని ఆ అరుదైన స్కేటును తానే త్యాగం చేశాననీ గద్గదంగా చెప్పి పంపాడు.

గ్రూపులో ఎనభై దండాలు వచ్చాయి. మొదటిది తంగం పెట్టిందే.