గన్నేరు పొట్లాలు

ఇంట్లో నా మాట చెల్లదని హోసూరు బజారంతా అనుకుంటుంది. శుద్ధ అబద్ధం. నా మాట బ్రహ్మాండంగా చెల్లుతుంది. కాకపోతే అదే మాట నా భార్య రాజలక్ష్మి ముందుగా చెప్పి ఉండాలి, అంతే.

మాది స్టీలు పాత్రల అంగడి. ఉన్నది ఒక్కగానొక్క కూతురు, ధన్య. కృష్ణగిరికి రోజూ బస్సులో పోయి బీఎస్సీ మొదటి సంవత్సరం చదివింది. ఈ కాలేజీలో తనకు కావలసింది లేదని, రెండో సంవత్సరానికి వేరే యూనివర్సిటీకి మారతానని రెండు చోట్ల అప్లికేషన్ పెట్టింది. రెండూ రమ్మన్నాయి. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఒకటి బెంగళూరు పొలిమేరలో ఉంది. బస్సెక్కితే గంట. బయాలజీలో కంప్యూటరు కలిపిన కోర్సు. చదువు ముగియకముందే కంపెనీలు వచ్చి ఉద్యోగాలిస్తాయట. రెండోది కోయంబత్తూరు అవతల, హాస్టల్లో ఉండాలి. అక్కడ నేర్పేది పట్టుపురుగుల రోగాలు, వాటి వైద్యం.

"పురుగులకు డాక్టరా?" అన్నాను.

"అవును నాన్నా."

"ఆవులకో గొర్రెలకో అయితే చెప్పుకోవచ్చు. బజారులో అడిగితే ఏమని చెప్పేది? నా కూతురు పురుగుల నాడి పట్టి చూస్తాదని చెప్పల్లా?"

"పురుగుకు చేతిలో నాడి ఉండదు నాన్నా. దాని గుండె వీపు వైపు ఉంటాది."

ఇలాంటి పిల్లతో వాదించి గెలిచేదెట్లా, మీరే చెప్పండి.

ఈ పట్టు ఊరికే పుట్టలేదు. కెలమంగలంలో మా బావమరిది ధనశేఖర్ పట్టుపురుగులు పెంచుతాడు. కిందటేడాది, ఇంకో వారంలో గూళ్లు కడతాయనగా, షెడ్డు షెడ్డంతా రోగం తగిలి పోయింది. ధనశేఖర్ గంపలకెత్తి పురుగుల్ని గుంటలో పోస్తుంటే ధన్య మేనమామ పక్కనే నిలబడి చూసింది. ఇంటికొచ్చాక అన్నం తినలేదు. మర్నాటి నుంచి మా అంగడిలోని పెద్ద పళ్లాలు పట్టుకుపోయి మేడ మీద గదిలో తనే పురుగులు పెంచడం మొదలుపెట్టింది. అవి ఆకు తినే చప్పుడు మొదటిసారి విన్నప్పుడు, వానొచ్చిందని ఆరేసిన బట్టలన్నీ లోపలికి తెచ్చాను.

"మీకు పురుగులంటే అంత ఎగతాళి ఎందుకు? ఆ పురుగుల మీద సంపాదించే కదా మా నాయన మన పెండ్లి చేసినాడు" అంది రాజలక్ష్మి.

"ఆ పురుగుల వల్లనేనా నాకీ గతి!"

"ఏమన్నారు?"

"కాఫీ అడిగినాను."

నిజం చెబుతాను, నా బాధ పురుగులు కాదు. రోజూ సాయంత్రం ఆరింటికి ధన్య అంగడికొచ్చి, "నాన్నా, జరుగు" అని నా కుర్చీలో కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఆ రోజు సంగతులన్నీ చెబుతుంది. ఆ పిల్ల దూరం పోతే నాకు ఆరు గంటల వేళ ఎట్లా గడవాలి? ఈ మాట బయటికి చెబితే నవ్వుతారు. అందుకని కంపెనీలు, ఉద్యోగాలు అని గంభీరంగా మాట్లాడుతూ వచ్చాను.

శుక్రవారం సాయంత్రం అయిదు లోపల ఫోనులో ఒక సీటు ఒప్పుకుని ఇంకొకటి వదులుకోవాలి. గురువారం నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"మనమెందుకు కొట్లాడేది? అంగాళమ్మ గుడిలో పువ్వు పెట్టి అడుగుదాం."

ఎటూ తేలని సంగతికి మా వైపు ఇదే పద్ధతి. ఒక పొట్లంలో ఎర్ర గన్నేరు, ఇంకో దానిలో తెల్ల గన్నేరు పెట్టి, అరటాకులో చుట్టి, అమ్మవారి పాదాల దగ్గర ఉంచి ఒకటి తీయిస్తారు. ఎర్రది వస్తే దగ్గరి యూనివర్సిటీ, తెల్లది వస్తే దూరంది. "అమ్మవారు చెప్పినాక అప్పీలు లేదు" అని కూడా అన్నాను.

రాజలక్ష్మి నన్ను ఎగాదిగా చూసింది. "మీకెప్పట్నుంచి ఇంత భక్తి?"

"పుట్టినప్పట్నుంచి."

"అట్లయితే పొద్దున్నే స్నానం చేసి పొట్లాలు మీరే కట్టండి."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే! శుక్రవారం పొద్దున రెండు పొట్లాల్లోనూ ఎర్ర గన్నేరే పెట్టాను. అమ్మవారిని మోసం చేశాననకండి, ఆమెకు శ్రమ తగ్గించాను. అంగడి దారంతో గట్టిగా ముడేసి, పూలబుట్టలో పెట్టి, టెంకాయ తెచ్చేదానికి వీధి చివరికి పోయి వచ్చాను.

గుడిలో పూజారి అచ్చెన్న పొట్లాలు రెండూ కలిపి, అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, హారతి ఇచ్చాడు. ధన్య కళ్లు మూసుకుని ఒకటి తీసింది. విప్పితే ఎర్ర గన్నేరు.

"చూసినారా! అమ్మ చెప్పేసింది!" అని మూడుసార్లు గంట కొట్టాను.

"చాలప్పా, అమ్మకు చెవుడు లేదు" అన్నాడు అచ్చెన్న. రాజలక్ష్మి నా మొగం వైపు చూసి హారతి కళ్లకద్దుకుంది.

ధన్య పువ్వును కళ్లకద్దుకుంది. పురుగు గుండె యాడుంటాదో వాదించిన పిల్ల, ఒక్క మాట వాదించలేదు. "సరే నాన్నా" అని గుడి మెట్టు మీద కూర్చుని ఫోను తీసింది.

"మామకు నేనే చెప్తాలే. పురుగుల్ని ఆదివారం ఆయనకే ఇచ్చేస్తాను. నీ పళ్లాలు తోమి అంగడిలో పెడతాను" అంది, తల ఎత్తకుండా. ఫోనులో 'సీటు వదులుకుంటున్నాను' అన్న చోటికి వేలు పోతోంది. ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగు! ఆడ నొక్కొద్దు! నువ్వు కోయంబత్తూరుకే పో!"

"అమ్మవారు ఎర్రది ఇచ్చింది కదా నాన్నా?"

"అమ్మవారు కాదే, నేను! రెండు పొట్లాల్లోనూ ఎర్రదే పెట్టినాను. సాయంత్రం నువ్వు అంగడికి రాకపోతే నాకు తోచదు. అందుకని… తప్పైపోయింది తల్లీ. పోయి ఆ పురుగుల్ని బతికించు."

అచ్చెన్న నా తరఫున కూడా లెంపలేసుకున్నాడు. ధన్యకు కళ్లల్లో నీళ్లు, పెదాల మీద నవ్వు. "ఈ మాట ముందే చెప్పుండొచ్చు కదా నాన్నా" అని, కోయంబత్తూరు సీటు ఒప్పుకుంది.

"గట్టిగా నొక్కినావా? ఇంక మారదు కదా?" అని అడిగింది రాజలక్ష్మి.

"మారదమ్మా."

"అయితే అచ్చెన్నా, ఆ రెండో పొట్లం కూడా విప్పు."

దారం తెంచి ఆకు విప్పాడు. లోపల తళతళలాడుతూ తెల్ల గన్నేరు!

పొట్లం నా చేతిలోకి లాక్కున్నాను. అప్పుడు చూశాను, ఆ పొట్లానికి ఉన్నది నా ముడి కాదు. ఆడవాళ్లు పూలు కట్టే ముడి.

"మీరు టెంకాయకు పోయినప్పుడు విప్పి చూసినాను. రెండూ ఎర్రవే. ఒకటి తీసి తెల్లది పెట్టినాను."

"రెండూ తెల్లవే పెట్టుండొచ్చు కదా?"

"నేనేమన్నా మీ మాదిరినా? అమ్మవారికి న్యాయంగా చెప్పే వీలుండల్ల కదా."

"అట్లయితే ఇప్పుడొచ్చిన ఎర్రది…"

"అమ్మవారు నిజంగా ఇచ్చిందే. మీ తరఫునే చెప్పింది. మీరే వద్దన్నారు."

"మరి నువ్వు ఇంతసేపూ గమ్మునుంటివే?"

"మీరు ఎంతసేపు గమ్మునుంటారో చూద్దామని. బిడ్డ మొగం వాడితే నిమిషం ఓర్చుకోలేరని నాకు తెలీదా?"

"అమ్మ మాటకు అప్పీలు లేదంటివి కదప్పా?" అన్నాడు అచ్చెన్న, టెంకాయ చిప్ప నా చేతిలో పెడుతూ.

ధన్య వెళ్లి నాలుగు నెలలైంది. ఫోను చేసి ఏదో సూక్ష్మజీవి పేరు చెబుతుంది, నాకు నోరు తిరగదు. బజారులో ఎవరడిగినా, "మా అమ్మాయి పురుగుల డాక్టరు కాబోతా ఉండాది. పురుగుకు గుండె యాడుంటాదో తెలుసునా మీకు?" అని నేనే ఆపి మరీ చెబుతున్నాను. పాత్రలు కొనకపోయినా ఈ సంగతి వినకుండా ఎవరూ అంగడి దాటరు.

సాయంత్రం ఆరింటికి మాత్రం రాజలక్ష్మి వేరుశనక్కాయల పొట్లంతో వస్తుంది. "జరగండి" అంటుంది. జరుగుతాను. ఇంట్లో చాలదని, ఇప్పుడు అంగడిలో కూడా నా మాట చెల్లడం లేదు.