చంద్రయ్య మొలతాడు

నాచారంలోని ఇంజనీరింగ్ షెడ్డులో లేతు మిషన్ నడిపే చంద్రయ్యకు నెల రోజులుగా తల తిరుగుతోంది. కారణం తేలేదాకా మిషన్ దగ్గరికి వెళ్లొద్దన్నాడు డాక్టరు. అందుకే ఆ ఉదయం బావమరిది ఉపేందర్‌ను వెంటబెట్టుకుని ఉప్పల్‌లోని స్కానింగ్ సెంటర్‌కు బయల్దేరాడు.

"మెదడుకు రక్తం సరిగ్గ పోతలేదంటే నా నౌకరి వోయినట్టే" అని దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

సెంటర్‌లో టెక్నీషియన్ చంద్రిక ఓపికగా చెప్పింది. "మెదడులో ఏ మూలకి ఎంత రక్తం వెళ్తోందో ఈ ఎమ్మారై కొలుస్తుందండీ. లోపల పెద్ద అయస్కాంతం ఉంటుంది. ఒంటిమీద ఏ లోహమూ ఉండకూడదు."

ఉంగరం వచ్చింది, గడియారం వచ్చింది. మొలతాడుకున్న తాయెత్తు దగ్గర పేచీ వచ్చింది. ఆ ముడి ఎంతకీ ఊడలేదు.

"కత్తెర తెస్తానుండండి" అంది చంద్రిక.

"బతికుండంగ మొలతాడు కోస్తరా?" చంద్రయ్య రెండు చేతులూ నడుముకు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన బస్తీలో మగవాడి మొలతాడు తెంచేది పాడె ఎక్కించే ముందే. చివరికి నౌకరి గుర్తొచ్చి, కళ్లు మూసుకుని ఒప్పుకున్నాడు.

ఆయన లోపలికి వెళ్లగానే భార్య సాలమ్మ ఇంటినుంచి తమ్ముడికి ఫోను చేసింది. ఉపేందర్ ఉన్నదున్నట్టు చెప్పే మనిషి.

"అక్కా, బావ మొలతాడు కోసిన్రు. బట్టలు నా చేతికిచ్చిన్రు. లోపట పండవెట్టిన్రు..."

అంతలో బ్యాటరీ అయిపోయింది.

సాలమ్మ పెట్టిన కేకకు గల్లీ అంతా పోగైంది. కబురు షెడ్డుకు చేరింది. యజమాని గిరిప్రసాద్ మెత్తని మనిషి. "అయ్యో, మొన్నకూడా మాట్లాడాడే!" అని కళ్లొత్తుకుని, షెడ్డుకు సెలవిచ్చాడు. బంతిపూల దండ కొని, సాలమ్మనూ కార్మికులనూ కంపెనీ వ్యానులో ఎక్కించుకుని వచ్చాడు. వెనక ఆటోలో డప్పులవాళ్లు కూడా వచ్చారు.

వాళ్లు దిగేసరికి చంద్రయ్య సెంటర్‌వాళ్లిచ్చిన పచ్చ గౌనుతో వరండాలో బిస్కెట్లు తింటున్నాడు. డప్పు ఒక దెబ్బ పడి ఆగిపోయింది.

"ఎవరు వోయిన్రు?" అన్నాడు చంద్రయ్య భయంగా.

సాలమ్మ ఒక్క ఉరుకున వచ్చి ఆయన వీపు మీద రెండు గుద్దులు గుద్దింది. తర్వాత ఆ వీపునే పట్టుకుని బావురుమంది. "నా పానం వోయినంత పనైంది గదయ్యా!" పోయిందనుకున్న మనిషి వెచ్చగా చేతికి తగిలేసరికి ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కొంగు అంచు చించి అక్కడికక్కడే ఆయన నడుముకు కట్టింది.

చంద్రిక రిపోర్టుతో బయటికొచ్చింది. "డాక్టరుగారు చూశారు. రక్తం అన్నివైపులా చక్కగా వెళ్తోందట. చెవి లోపలి తేడావల్ల తల తిరుగుతుండొచ్చు, మందులతో తగ్గిపోతుందన్నారు."

"అయితే నా నౌకరి?" అన్నాడు చంద్రయ్య.

"నీ నౌకరి ఎక్కడికీ పోదయ్యా!" గిరిప్రసాద్ తేలికపడి, చేతిలోని దండను చంద్రయ్య మెడలోనే వేశాడు. తర్వాత కార్మికులవైపు తిరిగి, "ఇంకేం, అందరూ పనిలోకి పదండి" అన్నాడు.

సంతాపసూచకంగా ఇచ్చిన సెలవును రద్దు చేయడానికి మాత్రం కార్మికులు ఒప్పుకోలేదు.