రేడియేటర్‌కు పసుపు

పొద్దున ఆరింటికి బయలుదేరాలి, ఎండ ముదరకముందే బీచుపల్లి చేరాలి, నాయన బూడిదను కృష్ణలో కలిపి పదింటికల్లా తిరుగుముఖం పట్టాలి. నరేందర్ అనుకున్నది ఇంతే. బిజినేపల్లి పక్క ఊరి నుంచి వనపర్తి, పెబ్బేరు మీదుగా రెండు గంటల దారి. ఏ కారైనా నిక్షేపంగా పోతుంది. కానీ పోవాల్సింది నాయన కురుమయ్య అంబాసిడర్‌లో.

అది పోయినాయన కోరిక. "నా బూడిద గూడ గీ కార్లనే కృష్ణకు పోవాలె" అని బతికినన్నాళ్లూ కనిపించినవాడికల్లా చెప్పాడు. ఎవరో ఢిల్లీ ఆఫీసరు వాడి వదిలేసిన ఆ కారుకు హీటర్ కూడా ఉంది. పాలమూరు ఎండల్లో హీటరున్న కారు తనదొక్కటేనని కురుమయ్యకు మహా గర్వం.

చిక్కేమిటంటే, పది రోజుల కింద ఆయన ప్రాణం పోయింది కూడా ఆ కారులోనే. గుండెల్లో నొప్పి అంటే నరేందర్ అంబులెన్స్‌కు ఫోన్ చేయబోయాడు. "అంబులెన్స్ల పోతే సచ్చిండనుకుంటరు. నా బండి తియ్" అన్నాడు పెద్దాయన. నాగర్‌కర్నూల్ దవాఖాన ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా ఇంజన్ కుతకుత ఉడికి ఆగిపోయింది. "హీటర్ ఫుల్ పెట్టు. ఇంజన్ల వేడి అండ్లకెళ్లి బయటికొస్తది" అని వెనక సీట్లోంచి చెప్పాడు. ఆయన ఆఖరి మాట అదే. ఉపాయం మంచిదే గానీ, ఇంజన్ చల్లబడేసరికి ఆయనా చల్లబడ్డాడు.

రేడియేటర్ కారుతోంది, చూపించమని ఆయన రెండు నెలలుగా మొత్తుకుంటూనే ఉన్నాడు. రేపు, ఎల్లుండి అంటూ జరిపింది నరేందరే. అది గుర్తొస్తే ముద్ద దిగడం లేదు. అక్క జయశ్రీ ఆ రోజు నుంచి అతనితో మాట మానేసింది. చెప్పాల్సిందేదైనా ఉంటే పక్కనున్నవాళ్లకు చెబుతుంది. బూడిద కలిపిన మర్నాడే పెబ్బేరు పాత ఇనుము వ్యాపారి వచ్చి కారును తీసుకుపోయేటట్టు కూడా మాట్లాడి పెట్టింది. కారు పోతే పోయె, ఈ ఒక్క ప్రయాణం సవ్యంగా సాగి అక్క నోట ఒక్క మాట వస్తే చాలునని నరేందర్ ఆశ.

ఈ ప్రయాణంలో పక్కనున్న మనిషి నాగన్న. కురుమయ్యకు ప్రాణ స్నేహితుడు, ముప్పై ఏళ్లు లారీ నడిపి దిగినవాడు. వెనక సీట్లో జయశ్రీ ఒళ్లో సంచి. సంచిలో రెండు మూటలు, రెండూ నాయన పంచె చింపి కట్టినవే. ఒకదాంట్లో నదికి వేసే పసుపు. రెండోదాంట్లో బూడిద. ఎముకలు మూడోనాడే ఊరి వాగులో కలిపారు. కృష్ణకని మిగిల్చింది ఆ పిడికెడు మెత్తని బూడిదే. దాని మీద కూడా జయశ్రీ దండిగా పసుపు చల్లింది.

వనపర్తి దాటిందో లేదో వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకింది. నరేందర్ నాయన మాట తలుచుకుని హీటర్ తిప్పాడు. మే నెల గాలి చాలనట్టు కాళ్ల దగ్గర నుంచి సెగ కొట్టింది.

"నాగన్న కాకా, హీటర్ బందు చేయమని చెప్పు" అంది జయశ్రీ. "ఇంకొకర్ని గూడ సంపుతడా ఏంది?"

"నరేందరూ, బందు చేయమంటుంది."

"బందు చేస్తే ఇంజన్ ఉడుకుతదని చెప్పు కాకా."

"అమ్మా, ఇంజన్ ఉడుకుతదంట."

"మనం ఉడికితే ఫరవాలేదంటనా?"

అంతలోనే బానెట్ కింద నుంచి ఆవిరి బుస్సుమంది. కారు పక్కకు తీశారు. నరేందర్ ఫ్యాన్ బెల్టు నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. పోయిన వారమే మార్చిన హోసు పైపులూ బాగానే ఉన్నాయి. కిందికి వంగితే రేడియేటర్ అడుగున సన్నటి ధార. పైపులు మార్చి, అసలు చిల్లిని అట్లాగే వదిలేశాడు మహానుభావుడు.

"చిన్న చిల్లే. పసుపు పోస్తే పట్టుకుంటది" అన్నాడు నాగన్న. "నేను గుజరాత్ దాక పసుపు మీదనే పోయిన." వెంటనే వెనక డోరు దగ్గరికి నడిచాడు.

జయశ్రీ తడి కొంగు ముఖం మీద కప్పుకుని, కళ్లు తెరవకుండానే సంచి అందించింది. "ఎర్రదారం కట్టింది పసుపు. తెల్లదారం మూట ముట్టొద్దని చెప్పు కాకా."

వెనక డోరు నుంచి బానెట్ దాకా ఏడడుగులు. ఆ ఏడడుగుల్లో నాగన్న బుర్రలోంచి రంగులు రెండూ జారిపోయాయి. "దారం కట్టిన మూటంట" అని చేతికందింది తీసి ఇచ్చాడు. నరేందర్ తడిగుడ్డ వేసి మెల్లగా మూత తిప్పాడు. ఆవిరికి కళ్లద్దాలు మసకబారాయి. పసుపుపచ్చగా ఉందన్నంత వరకే తెలిసింది. మూట మొత్తం గుమ్మరించాడు.

"పసుపు వాసన వస్తలేదేంది కాకా?"

"ఆవిరికి ముక్కు పనిచేస్తలేదు. నీళ్లు పొయ్!"

సీసాల్లో నీళ్లు పోసి బండి తీశారు. ధార ఆగింది. పెబ్బేరు వచ్చేసరికి ముల్లు నడిమికి దిగింది. "అంత మీ నాయనే నడిపిస్తుండురా!" అన్నాడు నాగన్న కళ్లు తుడుచుకుంటూ. జయశ్రీ ముఖం మీది కొంగు తీసింది. నరేందర్‌కు అదే పదివేలు.

బీచుపల్లిలో ఆమె మోకాలిలోతు నీళ్లలోకి దిగి సంచిలో చెయ్యి పెట్టింది. ఎర్రదారం మూట వచ్చింది. మళ్లీ పెట్టింది. సంచి తిరగేసింది.

"కాకా, తెల్లదారంది ఏది?"

"పోసినం గద."

"దేంట్ల?"

"రేడియేటర్ల."

జయశ్రీ గట్టెక్కి, తడి చీరతోనే కారు దగ్గరికి వచ్చి, బానెట్ ఎత్తమని సైగ చేసింది. ఎత్తాడు. ఆమె వంగి లోపలికి, బండి కిందికి చూసింది. కింద ఒక్క చుక్క లేదు.

"కింద కుళాయి ఇప్పి, నీళ్లన్ని పట్టి కృష్ణల పోస్తనని అక్కకు చెప్పు కాకా" అన్నాడు నరేందర్.

నాగన్న చెప్పబోయాడు. జయశ్రీ చెయ్యెత్తి ఆపింది.

"ఇప్పితే మళ్ల కారుతదారా?"

పది రోజుల తర్వాత మొదటి మాట. నరేందర్‌కు దుఃఖం ఆగలేదు. "కారుతదక్కా. నాదే తప్పు. రేడియేటర్ చూపియ్యమని నాయన రెండు నెలలు చెప్పిండు."

"నాకు గూడ చెప్పిండు, నీకు యాది చేయమని. నేనే చెప్పలే." ఆమె రేడియేటర్ మీద చెయ్యి పెట్టి, కాలడంతో తీసేసింది. "నీతోటి మాట్లాడితే గదే బయటికొస్తదని నోరు మూసుకున్న. ఇప్పకు. ఉండనీ."

పసుపు మూట తెచ్చి నదిలో విప్పింది. తర్వాత గట్టు మీదే నిలబడి పాత ఇనుము వ్యాపారికి ఫోన్ కలిపింది.

"రేపు రావొద్దన్నా. మా నాయన ఒప్పుకుంటలేడు."

"పోయిండంటిరి గదమ్మా?"

"ఏడికి పోలే. కార్లనే ఉన్నడు."

ఎండ నడినెత్తికొచ్చాక తిరుగుదారి పట్టారు. హీటర్‌లోంచి నాయన ఊపిరి లాంటి వేడిగాలి ముగ్గురి కాళ్లనూ తాకుతూనే ఉంది. ఇల్లు చేరేదాకా దాన్ని బందు చేయమని మాత్రం ఎవరూ అనలేదు.